ఓడ యడుగున గాలి: లాభమును కొలుచు విధము

మోకాలిలోతు నీటిలో నడచువాడు గట్టుమీద నడచువానికంటె త్వరగా నలసిపోవునని మనమందఱము నెఱుగుదుము. సముద్రముపై సాగు ఓడకును ఇదియే కష్టము. నీరు గాలికంటె సుమారు 800 రెట్లు సాంద్రమైనది. దాని జిగట గాలి జిగటకు 50 రెట్లకు మించినది. ఓడ కదలునప్పుడు దాని నంటియున్న నీరు కొంత దానితోపాటు ఈడ్వబడును. చమురును, ఇనుప ఖనిజమును మోయుచు మెల్లగా సాగు పెద్ద ఓడలలో నిరోధమునందు సగమునకు మించిన భాగ మీ రాపిడివలననే కలుగుచున్నది. ఓడ మండించు చమురులో నెక్కువ పాలు ఈ రాపిడిని జయించుటకే వ్యయమగుచున్నదన్నమాట.

అట్లయిన ఓడకును నీటికిని నడుమ పలుచని గాలిపొరను పఱచిన రాపిడి తగ్గదా? ఈ యూహ పందొమ్మిదవ శతాబ్దమునందే పుట్టినది. నేడది పనిముట్టుగా మాఱినది. ఓడ ముందుభాగమున, అడుగున, రంధ్రములుంచి, యంత్రములతో గాలి నూదుదురు. ఆ గాలి బుడగలై అడుగు పొడవున వెనుకకు పాఱును. ఇంతవఱకు చెప్పుట సులభము. దీనివలన నెంత మిగిలినదని యడిగినప్పుడే చిక్కు మొదలగును.

ఈ విషయమున మా యభిప్రాయ మొక్కటే. తగ్గిన రాపిడిని లాభమని చెప్పరాదు. గాలి నూదుటకైన ఖర్చు పోగా మిగిలినదానిని, నిజమైన ఓడపై, నిజమైన సముద్రమున, అమ్మువాడు గాక అన్యుడు కొలిచిననే అది లాభము. ఇట్లనుటకు గల కారణములను మనవిచేయుదుము.

మొదటిది, కొలనునకును సముద్రమునకును గల భేదము. ఓడల నమూనాలను కొలనులో నీడ్చి పరీక్షించు శాస్త్రమునకు మూలపురుషుడు ఆంగ్లేయుడగు విలియం ఫ్రూడ్. ఈయన 1872లో టార్కే పట్టణమున తన కొలనును నెలకొల్పెను. అలలవలని నిరోధమును, రాపిడివలని నిరోధమును వేఱుచేసి లెక్కింపవలెనని బోధించిన మహనీయు డీయనయే. ఆయన పద్ధతి ననుసరించి 250 మీటర్ల ఓడకు 10 మీటర్ల నమూనాను చేసితిమనుకొందము. ఓడ గంటకు 15 నాటికల్ మైళ్లు పోవునదైనచో నమూనాను 3 మైళ్ల వేగముననే ఈడ్వవలెను. అలల లెక్క దీనితో సరిపడును. కాని బుడగ యీ లెక్కకు లోబడదు. ఓడను 25వ వంతు చేసినంతమాత్రమున బుడగ 25వ వంతు కాదు. పైగా ఉప్పునీటిలో బుడగలు మంచినీటిలోని వానికంటె చిన్నవిగా నుండును. కావున చిన్న నమూనాపై కనబడిన ఫలము పెద్ద ఓడపై నట్లే కనబడునని నమ్మరాదు. ఫ్రూడ్ కూడ నమూనాతోనే తృప్తి నొందక, 1871లో గ్రేహౌండ్ అను నిజమైన యుద్ధనౌకను సముద్రమున నీడ్పించి చూచెను. ఆయన శిష్యులమని చెప్పుకొనువారు ఈ గుణమును మఱువరాదు.

ఇందుకు మఱియొక నిదర్శనము గలదు. అమెరికా నౌకాదళమువారికి మెంఫిస్ నగరమున పెద్ద జలసొరంగ మొకటి యున్నది. మిచిగన్ విశ్వవిద్యాలయ పండితులు సుమారు 13 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు గల పలక నందుంచి గాలి నూది పరీక్షించి, తమ ఫలితములను 2008లో ప్రకటించిరి. కొద్దిగా గాలి నూదినప్పుడు బుడగల మేలు రంధ్రమునకు దాపున కొన్ని మీటర్లవఱకే నిలిచి, పిమ్మట క్షీణించెను. గాలిని ఒక హద్దునకు మించి యూదగా బుడగలు కలిసి యొకే పొరయై, రాపిడి నూటికి 80 పాళ్లకు మించి తగ్గెను. ఆ పెద్ద సంఖ్యను విన్నవాడు ఉప్పొంగును. కాని అది నున్నని పలకపై, కదలని గదిలో లభించిన ఫలము. ఊగు ఓడ యడుగున గాలి ప్రక్కలకు జాఱిపోవును.

రెండవది, గాలి వెల. నీటిలో 10 మీటర్లు దిగిన, వాతావరణపు టొత్తిడికి సమానమైన యొత్తిడి యింకొకటి పైబడును. ఆ యొత్తిడి నెదిరించి గాలిని క్రిందికి త్రోయవలెను. ఓడ యెంత లోతు మునిగిన నంత ఖర్చు. ఒక ఓడకు 10,000 కిలోవాట్ల శక్తి కావలెననుకొందము. గాలివలన 800 కిలోవాట్లు తగ్గినవి; గాలియంత్రములు 300 మ్రింగినవి. మిగిలినది 500. అనగా లాభము నూటికి 8 గాదు, 5 మాత్రమే. యంత్రములు 500 మ్రింగినచో 3 మాత్రమే. వెడల్పైన చదును అడుగు గలిగి లోతు తక్కువ మునుగు ఓడలకే యిది యెక్కువ కలిసివచ్చుటకు కారణ మిదియే.

మూడవది, లాభము కొంచెమగుటచే కొలుచుట కష్టము. ఓడకు గావలసిన శక్తి ఇంచుమించు వేగపు ఘనమును బట్టి పెరుగును. వేగము నూటికి 1 పాలు మాఱిన, శక్తి నూటికి 3 పాళ్లు మాఱును. కంటికి గనబడని చిన్న నీటివాలే యీ లాభమునంతయు కప్పివేయగలదు. లేని లాభమును చూపనుగలదు. కావున ఓడను ఒకే చోట వాలునకును, ఎదురునకును నడపి, గాలిని మార్చిమార్చి యూదుచు, ఆపుచు కొలువవలెను. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2013లో వెలువరించిన మార్గదర్శక పత్రము కూడ గాలియంత్రముల ఖర్చును తీసివేయుమనియే చెప్పుచున్నది.

సముద్రమున జరిగిన పరీక్ష లేమి చెప్పినవి? జపానువారు 2001లో సేయున్ మారు అను శిక్షణనౌకపై బుడగలను పరీక్షించిరి. లాభము స్వల్పము, బుడగలు వెనుకనున్న ప్రొపెల్లరును చేరి దాని పనిని చెఱచినవి. వారు నిరుత్సాహపడక, ఓడ నెన్నుకొనుటలో జాగ్రత్త వహించిరి. మిత్సుబిషి కంపెనీ 2010లో వెడల్పైన యడుగు, తక్కువ లోతు గల యమతాయ్ అను ఓడకు ఈ యంత్రముల నమర్చెను. తొలి పరీక్షలలో నూటికి 12 పాళ్లవఱకు మిగులు కనబడినది. రెండేండ్లు సరకు మోసిన పిమ్మట తేలిన సరాసరి సుమారు 6 పాళ్లు. 2014లో అమాలియన్‌బోర్గ్ అను చమురు ఓడపై సిల్వర్‌స్ట్రీమ్ వారి యంత్రములను పరీక్షింపగా, లాయిడ్స్ రిజిస్టరు వారు సరిచూచిన మిగులు నూటికి 4 పాళ్లకు మించినది. 80 ఎక్కడ, 12 ఎక్కడ, 6 ఎక్కడ, 4 ఎక్కడ! వీనిలో నేదియు నబద్ధము గాదు. ఒక్కొక్కటి యొక్కొక్క ప్రశ్నకు జవాబు. చమురు కొనువానికి గావలసిన జవాబు చివరివానిలోనే యున్నది.

నూటికి నాలుగైదు పాళ్లకై యింత శ్రమ యేల, పరీక్షల వ్యయము దండుగ గదా యని కొంద ఱనవచ్చును. మే మొప్పుకొనము. 2018లో మానవులు వెలువరించిన ఉష్ణకారక వాయువులలో నూటికి దాదాపు 3 పాళ్లు ఓడలవే. 2050 నాటికి లేక ఆ దాపున వానిని నికరముగా శూన్యము చేయుదుమని దేశములు 2023లో సంకల్పించినవి. అంత పెద్ద రాశిలో నాలుగు పాళ్లు నాలుగు గింజలు గావు. అయితే కాగితముపై నాలుగు, సముద్రముపై ఒకటి యైనచో, ఆకాశము కాగితమును చదువదు. మఱియు యంత్రమును కొనువాడు ఓడ యజమాని; పెక్కు ఒడంబడికలలో చమురునకు వెల యిచ్చువాడు ఓడను అద్దెకు దీసికొన్నవాడు. ఒకరి ఖర్చు, వేఱొకరి లాభము. వీరిరువురికి నడుమ నమ్మకము నిలుచుటకు మధ్యస్థుడు కొలిచిన సంఖ్య దప్ప వేఱు ఆధారము లేదు.

ఇంట గెలిచి రచ్చ గెలువుమని మన సామెత. కొలను ఇల్లు, సముద్రము రచ్చ. ఇల్లు వలదని మే మనుటలేదు. మన విశాఖపట్టణమునందలి నౌకావిజ్ఞాన ప్రయోగశాలలో 500 మీటర్ల పొడవైన యీడ్పు కొలను గలదు. 1948లో జల ఉష యను స్టీమరు జలప్రవేశము చేసినదియు ఆ పట్టణముననే. మన విద్యార్థులలో గొందఱు రేపట్టి కొలనుల యొద్ద నిలిచి కొలతలు వ్రాసికొందురని మా యాశ. వారు మొదట నడుగవలసిన ప్రశ్న, ఎంత తగ్గినదని గాదు. ఖర్చు పోగా ఎంత మిగిలినది, ఎచ్చట కొలిచితిరి, ఎవరు కొలిచిరి యని. పెద్ద సంఖ్యను జూచి మురియుటకంటె చిన్న సంఖ్యను సరిగా కొలుచుట మిన్న.