తుఫాను కబురుని ఏఐ అనుకుంటే ఎట్టా?

2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. అదే తేదీన భూగోళం అవతల జమైకాని మెలిస్సా హరికేన్ కొట్టింది. మెలిస్సా టైమ్‌లో ఫోన్లలో తెగ తిరిగిందేంటో తెలుసా? హోటల్ స్విమ్మింగ్ పూల్లో షార్కులు ఈదుతున్న వీడియో. ఏఐతో వండిన సరుకు. అట్టాంటి వీడియోలు ఇంకా బోల్డు తిరిగినయ్. కొన్నిటి మీద సోరా ముద్ర కనపడతానే ఉంది, అయినా షేర్లు ఆగలా.

జమైకా గోల మనకెందుకంటారా? బందరోళ్ళకీ దివిసీమోళ్ళకీ కావాల్సిన గోలే అది. 1864 నవంబర్ 1న బందరు ఉప్పెనలో 30 వేల మంది దాకా పోయారు. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెనలో సర్కారు లెక్కే దాదాపు 10 వేలు. ఆ రోజుల్లో చాలా ఊళ్ళకి రేడియోనే దిక్కు. సముద్రం లేచి ఊళ్ళ మీదకొచ్చిద్దన్న కబురు అందాల్సినోళ్ళకి అందలా.

ఇయ్యాల మచిలీపట్నంలో వాతావరణ శాఖ రాడార్ ఉంది, ప్రతి చేతిలో ఫోనుంది. కబురుకి లోటు లేదు. లోటల్లా నమ్మకానికే. అబద్ధం వీడియో చూసి జనం బెదిరిపోతారే అన్నది చిన్న భయం. నాలుగుసార్లు మోసపోయినోళ్ళు అయిదోసారి నిజంగా ఖాళీ చెయ్యమన్నా "ఇదీ ఏఐ అయ్యుంటదిలే" అని ఇంట్లోనే కూర్చుంటారు చూడండి, అదీ నా అసలు భయం. నాన్నా పులి కథే, కాకపోతే ఇక్కడ పులి సముద్రం.

అట్టాగని ఏఐని తిట్టి కూర్చుంటే పనవ్వదు. 2025 వానాకాలంలో కేంద్ర వ్యవసాయ శాఖ ఏఐ మోడళ్ళ సాయంతో రుతుపవనాల అంచనా కట్టి, 13 రాష్ట్రాల్లో 3.8 కోట్ల మంది రైతులకి మెసేజ్‌లు పంపింది. గుడివాడ పక్క వరి కోసి పనల మీద ఉన్నప్పుడు వాన కబురు రెండ్రోజులు ముందు తెలిస్తే దాని విలువెంతో రైతుని అడగండి. టెక్నాలజీ ఒకటే. ఒకడు ధాన్యం కాపాడతాడు, ఇంకోడు వ్యూస్ ఏరుకుంటాడు.

మరి ఆపాల్సిందెవరు? ముందు కంపెనీలు. మొంథాకి ఆరు రోజుల ముందే, అక్టోబర్ 22న, ఏఐ వీడియోల మీద లేబుల్ ఉండాలని కేంద్రం ముసాయిదా పెట్టింది. మంచిదే. కానీ ఎడిట్ చేసి ముద్ర చెరిపేసిన వీడియో వాట్సాప్‌లో తిరిగితే లేబుల్ ఏం చేసిద్ది? అందుకే సర్కారు కూడా ఊరి పేరు, తేదీ, టైమ్ వేసి తెలుగులో తన బులెటిన్ అందరికంటే ముందు ఇయ్యాలి. అధికారిక కబురు ఆలస్యమైన చోటే పుకారు ముందు కూర్చునిద్ది.

మిగిలింది మన వంతు. ఊరి గ్రూప్‌లు నడిపేది మన వయసోళ్ళే గదా. తుఫాను వీడియో వస్తే ఏ ఊరిది, ఏ రోజుది, ఎవరు తీశారని అడుగుదాం. జవాబు లేకపోతే ముందుకి పంపొద్దు. తుఫాను ఎటొస్తందని చాట్‌బాట్‌ని అడిగి ఆ జవాబు గ్రూప్‌లో పెట్టొద్దు, తెలియకపోయినా తెలిసినట్టే చెప్పిద్దది. వాతావరణ శాఖ బులెటిన్, సచేత్ యాప్ చూద్దాం, 1070కి ఫోన్ చేద్దాం. ఫోన్ చదవలేని ముసలోళ్ళకి, వేటకెళ్ళే మత్స్యకారులకి మనమే నోటితో చెప్దాం.

సరదాగా ఏఐ వీడియో చేస్తే తప్పు లేదు. కానీ తీరంలో తుఫాను జెండా ఎగిరిన రోజున మన ఊరు మునిగినట్టు వీడియో చేసి వదిలితే అది సరదా కాదు. దివిసీమలో ఆ ఉప్పెన చూసినోళ్ళు ఇంకా ఉన్నారు. ఆళ్ళ ఫోన్లోకి ఏది వెళ్తందో ఒక్క క్షణం ఆలోచించి పంపండి.