పెట్టె మనదైతే మొర ఎవరు వినాలి?

“మోడెం మీరు కొన్నది. దాని బాధ్యత మాది కాదు.” సొంత డబ్బుతో మోడెం కొనుక్కున్న కుటుంబం, అంతర్జాలం ఆగిననాడు వినవలసివచ్చే మాట ఇది. అమ్మిన దుకాణానికి పోతే “ముందు లైను చూపించుకోండి” అంటారు. ఇద్దరి నడుమ నలిగేది వినియోగదారుడు. నెల తిరిగేసరికి బిల్లు మాత్రం తప్పదు.

ఈ వాదనలో న్యాయమెంత? కేబుల్ మోడెం మన ఇంట్లో ఉన్నా, దాని పగ్గాలు మన చేతిలో లేవు. దాని సంఖ్యను సంస్థ తన లెక్కలో నమోదు చేస్తేనే అది పనిచేస్తుంది. వేగం, అమరికలు సంస్థ యంత్రాల నుంచే వస్తాయి. లోపలి ప్రోగ్రామును మార్చేది కూడా కేబుల్ ద్వారా సంస్థే. కొన్నవాడికి ఆ అవకాశం లేదు. అధికారమంతా తనవద్ద ఉంచుకొని, బాధ్యత మాత్రం మనదనడం ఏ ధర్మం?

మన రైతునే చూడండి. బోరు మోటారు రైతుదే. అది తిరగనప్పుడు లైన్‌మన్ వచ్చి, కరెంటు వస్తున్నదో లేదో చూడకుండానే “మోటారు నీది కదా” అని తిరిగిపోతే ఊరుకుంటామా? మోటారు కాలితే ఖర్చు మనదే, కాదనము. కాలింది మోటారా, తెగింది లైనా అని తేల్చడం మాత్రం లైను గలవాడి పని. మోడెం విషయంలోనూ మనం అడుగుతున్నది ఇంతే.

సొంత పరికరం వాడుకొనే హక్కును లోకం ఎప్పుడో గుర్తించింది. అమెరికాలో 1968 నాటి కార్టర్‌ఫోన్ తీర్పు టెలిఫోను లైనుకు ఇతరుల పరికరాలు తగిలించుకొనే దారి తెరిచింది. జర్మనీలో 2016 ఆగస్టు 1 నుంచి అమలైన చట్టం, సొంత రౌటరు కలుపుకోవడానికి కావలసిన వివరాలను సంస్థలే ఉచితంగా ఇవ్వాలన్నది. హక్కు ఇచ్చి ఆదరణ మానేస్తే, అది హక్కు కాదు, శిక్ష.

ఇక భాష సంగతి. “ఏ దీపం వెలుగుతున్నది? ఏది ఆరింది? ఏది మినుకుమంటున్నది?” లోపమెక్కడుందో ఫోనులో తేల్చేది ఈ ప్రశ్నలతోనే. ఇంట్లో తెలుగు తప్ప మరొకటి మాట్లాడని అవ్వ వీటికి తడబడితే, నింద పెట్టె మీద పడుతుంది, ఖర్చు ఇంటి మీద పడుతుంది. కన్నడం మనకు పరాయిది కాదు. కైవారం తాతయ్య రెండు భాషలలోనూ పాడిన నేల ఇది. కన్నడం పక్కన తెలుగునూ ఉంచమంటున్నాము, అంతే.

రాజ్యాంగం 350వ అధికరణం, రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ప్రభుత్వాధికారులకు మొర పెట్టుకొనే హక్కును మనకిచ్చింది. ప్రైవేటు సంస్థలను అది నేరుగా కట్టడి చేయదు. కనుకనే టెలికాం నియంత్రణ సంస్థ, అంటే ట్రాయ్, ఈ హక్కును తన నిబంధనలలో చేర్చాలి.

అంతవరకు చేతులు ముడుచుకొని కూర్చోనక్కరలేదు. ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం ప్రతి ఫిర్యాదుకూ సంస్థ ఒక సంఖ్య ఇవ్వాలి. దానిని అడిగి రాసుకోండి. పరిష్కారం నచ్చకపోతే 30 రోజులలో ఆ సంస్థ అప్పీలు విభాగానికి ఉచితంగా వెళ్లవచ్చు. వారు 39 రోజులలో తేల్చాలి. టెలికాం ఫిర్యాదులను వినియోగదారుల కమిషన్లు విచారించవచ్చునని సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది. మోడెం రశీదు, వారంటీ కాగితం దాచుకోండి: వస్తువులో లోపానికి అమ్మినవాడు, సేవలో లోపానికి సంస్థ జవాబుదారులు.

మన కోరికలు మూడు. లైను సరిగా ఉన్నదని పరీక్షించి చూపకుండా సంస్థ మోడెంను నిందించరాదు. ఆ పరీక్ష ఫలితాన్ని రాతపూర్వకంగా ఇవ్వాలి. శిడ్లఘట్ట, చింతామణి, బాగేపల్లి, చిక్కబళ్లాపురం ప్రాంతాలలో ఫిర్యాదును తెలుగులోనూ స్వీకరించాలి.

మన డబ్బుకు ఏ భాషా అడ్డు రాలేదు. మన మొరకు మాత్రం ఎందుకు అడ్డు రావాలి?