గుండె వైఫల్యంలో ఎకో పరీక్ష: ఒక్క సంఖ్యతో తేలని భవిష్యత్తు

మరమగ్గాల నగరమైన సూరత్‌లో తెలంగాణ జిల్లాల నుంచి తరలివెళ్లిన నేత కుటుంబాలు తరాలుగా నివసిస్తున్నాయి. లింబాయత్ వంటి ప్రాంతాల్లో నేటికీ తెలుగు వినిపిస్తుంది. ఆయాసం, కాళ్ల వాపుతో ఆసుపత్రికి చేరిన శ్రామికునికి చేసే ప్రధాన పరీక్షల్లో గుండె అల్ట్రాసౌండ్, అంటే ఎకో, ఒకటి. వ్యాధి నిర్ధారణకే కాక, రోగి భవిష్యత్తును అంచనా వేయడానికి కూడా వైద్యులు దీనిపై ఆధారపడుతున్నారు. అయితే ఆ అంచనా ఎంతవరకు నమ్మదగినది?

1953లో స్వీడన్‌లోని లుండ్ నగరంలో ఇంగె ఎడ్లర్, హెల్ముత్ హెర్ట్జ్ ధ్వని తరంగాలతో గుండె కదలికలను నమోదు చేయడంతో ఈ పరీక్షకు నాంది పడింది. నివేదికలో అందరి దృష్టీ మొదట పడేది ‘ఈఎఫ్’ అనే సంఖ్యపైనే. ఎడమ జఠరికలో నిండిన రక్తంలో ప్రతి స్పందనకు ఎంత శాతం బయటకు వెళుతున్నదో అది తెలుపుతుంది. 40 శాతం, అంతకన్నా తక్కువైతే పనితీరు తగ్గినట్లు, 41 నుంచి 49 వరకు స్వల్పంగా తగ్గినట్లు పరిగణిస్తారు.

కానీ 50 దాటినంత మాత్రాన ముప్పు తొలగినట్లు కాదు. గుండె కండరం బిగుసుకుపోయి సరిగా సడలనప్పుడు ఈఎఫ్ బాగున్నా వైఫల్యం సంభవిస్తుంది. అందువల్ల ఎడమ కర్ణిక పరిమాణం, జఠరిక నిండేటప్పటి ఒత్తిడి, కుడి జఠరిక పనితీరు కూడా చూడవలసి ఉంటుంది. అంతర్జాతీయంగా వాడుకలో ఉన్న ‘మ్యాజిక్’ స్కోరులోని 13 అంశాల్లో ఈఎఫ్ ఒకటి మాత్రమే. వయస్సు, మూత్రపిండాల పనితీరు, మధుమేహం, ధూమపానం వంటివి మిగిలినవి.

ఈ వ్యాధి తీవ్రతకు కేరళ అనుభవమే నిదర్శనం. తిరువనంతపురంలో 2013లో నమోదైన 1,205 మంది రోగుల్లో 59 శాతం మంది ఐదేళ్లలోపే మరణించారు. వారి సగటు వయస్సు సుమారు 61 ఏళ్లే కావడం గమనార్హం.

ఎకో నివేదిక ఆ రోజు పరిస్థితిని మాత్రమే చెబుతుంది. తగిన మందులతో ఈఎఫ్ మెరుగుపడే అవకాశం ఉంది. ఆకస్మిక మరణాన్ని నివారించే పరికరం అమర్చాలా, వద్దా అన్నది సాధారణంగా కనీసం మూడు నెలల మందుల తరువాత, మరో ఎకో చూసి నిర్ణయిస్తారు. అసలు చిక్కు ఇక్కడే. ఆయుష్మాన్ భారత్ పథకం ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవారికి వర్తిస్తుంది. డిశ్చార్జి తరువాత 15 రోజుల వరకే ఖర్చు భరిస్తుంది. ఆపై ప్రైవేటు కేంద్రంలో చేయించుకునే పరీక్ష భారం కుటుంబానిదే. నేసినంతకే కూలి లభించే శ్రామికునికి పరీక్ష రుసుముతోపాటు ఆ రోజు సంపాదన కూడా పోతుంది. స్వగ్రామానికి వెళ్లినప్పుడు పాత నివేదిక వెంట లేకపోతే, అక్కడి వైద్యునికి పోల్చి చూసే ఆధారం ఉండదు.

ముప్పును ముందుగా గుర్తించే సాధనం చేతిలో ఉంది. రెండవ పరీక్ష కూడా పేద రోగికి అందినప్పుడే ఆ ముందస్తు సమాచారం ప్రాణాన్ని కాపాడగలదు.