కొండ నీరు, కింది వాకిలి

వన్ టౌన్ కొండవాలున నివసించే ఒక సోదరి పంపిన ప్రశ్నను ఈ నెల శీర్షికకు తీసుకుంటున్నాము. వారి ఇంటికి పై వరుసలో ఉన్న ఇంటివారు రెండేళ్ళ క్రితం డాబా వేసి, తూమును కిందికి వదిలారు. వాన పడినప్పుడల్లా ఆ నీరంతా వీరి ముంగిలిలో పడుతున్నది. వీధిలో సిమెంటు రోడ్డు మీద మరో రోడ్డు వేయడంతో వీరి గుమ్మం పల్లమై, వచ్చిన నీరు బయటికి పోవడం లేదు. గోడలు చెమ్మగిల్లాయి, పిల్లలకు జ్వరాలు తప్పడం లేదు. ఇరు కుటుంబాల మధ్య సలాం కూడా నిలిచిపోయింది. "పై నీరు రాకుండా అడ్డుగోడ కట్టుకోవచ్చునా?" అని ఆమె అడుగుతున్నారు.

ముందు గోడ సంగతి. కొండవాలున నీటికి అడ్డంగా కట్టిన గోడ నీటిని ఆపదు, తన వెనుక నిలవ చేసుకుంటుంది. నానిన మట్టి బరువు, నీటి ఒత్తిడి కలిసి ఒకనాడు ఆ గోడనే ముంగిలిలోకి తోసివేస్తాయి. 2024 ఆగస్టు 31న కురిసిన భారీ వర్షానికి మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ళపై విరిగిపడి ప్రాణాలు పోయిన విషయం విజయవాడ వాసులు మరచిపోలేదు. గోడ తప్పనిసరి అయితే దానికి అడుగు భాగాన నీరు కారిపోయే రంధ్రాలు, వెనుక కంకర పొర ఉండి తీరాలి. అప్పుడు కూడా నీరు వస్తుంది. దానికి దారి చూపక తప్పదు.

ఇక ధర్మం విషయం. మదీనా వెలుపల హర్రా ప్రాంతపు కాలువ నీటి గురించి హజ్రత్ జుబైర్ (రజి)కూ ఒక అన్సారీకీ వివాదం వచ్చినప్పుడు, పైనున్న జుబైర్ (రజి) తన తోటకు నీరు పెట్టుకొని, పిదప పొరుగువానికి వదలాలని దైవప్రవక్త (స) తీర్పు చెప్పిన ఉదంతం సహీహ్ బుఖారీలో ఉన్నది. అది అందరూ కోరుకునే నీరు. ఎవరికీ వద్దనిపించే నీటి గురించి మరో ఉదంతం ఉన్నది. హజ్రత్ అబ్బాస్ (రజి) ఇంటి తూము నుండి పడిన మలిన జలం హజ్రత్ ఉమర్ (రజి) దుస్తులపై పడింది. ఆయన ఆ తూమును తీసివేయించారు. దానిని అక్కడ అమర్చినది స్వయంగా దైవప్రవక్త (స) అని అబ్బాస్ (రజి) తెలుపగా, ఖలీఫా తన వీపుపై ఆయనను ఎక్కించుకొని, తూమును తిరిగి అదే చోట పెట్టించారు. తూము వంటి చిన్న వస్తువుకు ఇస్లామీ చరిత్రలో ఇంతటి స్థానం ఉన్నదంటే ఆశ్చర్యం కలుగుతుంది.

ఫిఖ్‌హ్ పండితులు నీటి పారుదల హక్కును ‘హఖ్ఖె మసీల్’ అన్నారు. ఉస్మానియా పాలనలో 1869-1876 మధ్య హనఫీ ఫిఖ్‌హ్ ఆధారంగా కూర్చిన ‘మజల్లా’ న్యాయసంహిత పాతకాలం నుండి ఉన్న పారుదలను గౌరవిస్తుంది. కానీ ఒకరికి హాని కలిగించేది ఎంత పాతదైనా హక్కు కాజాలదంటుంది. ఈ సోదరి విషయంలో తూము పాతది కూడా కాదు. కొండ మీదుగా సహజంగా జారివచ్చే నీరు వేరు, డాబా నీటినంతా పోగుచేసి పొరుగింటి గుమ్మం ముందు కుమ్మరించడం వేరు. మొదటిదానిని కిందివారు సహించాలి. రెండవదానికి పైవారు బాధ్యత వహించాలి.

ఆ నీరు ఎంతో లెక్క వేసి పైవారికి చూపితే మాట తేలికవుతుంది. ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. వెయ్యి చదరపు అడుగుల డాబా అంటే సుమారు 93 చదరపు మీటర్లు. ఒక్క రోజు 100 మిల్లీమీటర్ల వాన కురిస్తే 9,300 లీటర్లు, అంటే ఆరువందల బకెట్లకు పైమాటే. పైఇంటివారిలో చాలామందికి తమ తూము ఇంత నీటిని దించుతున్నదన్న ఊహే ఉండదు.

మా అభిప్రాయంలో సరైన ఒప్పందం ఇది: తూముకు నాలుగు అంగుళాల పీవీసీ పైపు బిగించి కిందికి దించే ఖర్చు పైవారిది, ఆ పైపు గోడ అంచున వీధి కాలువ వరకు సాగడానికి చోటు ఇవ్వడం కిందివారి వంతు. పది అడుగులకు రెండు అంగుళాల వాటం చాలు. ఇద్దరూ ఒకే మేస్త్రీని పిలిచి, ఇద్దరి ఎదుట మాట్లాడి, కాగితంపై రాసుకోవాలి. అప్పు ఒప్పందాన్ని వ్రాసుకోమన్నది ఖుర్ఆన్ ఆదేశం. నీటి ఒప్పందానికీ ఆ పద్ధతి మేలే.

పైనీరు తొలగినా ముంగిలిలో పడే వాన ఉండనే ఉన్నది. ముంగిలి గచ్చు వాటం ఇంటి గోడ నుండి బయటికి ఉన్నదో లేదో చూడాలి. కంటికి సమంగా కనిపించిన గచ్చు చాలాసార్లు గోడవైపే వాలి ఉంటుంది. మేస్త్రీలు వాడే లెవెల్ ట్యూబులో నీరు నింపి చూస్తే నిమిషంలో తెలిసిపోతుంది. పల్లపు మూలలో అడుగున్నర లోతు గుంట కట్టి, పైన జాలీ పెట్టాలి. మట్టి, ఆకులు అందులో ఆగిపోతాయి, నీరు మాత్రం పైపులోకి వెళుతుంది. ఇంతచేసినా రోడ్డు ఎత్తుగా ఉంటే నీరు పోదు. అప్పుడు గచ్చును ఎత్తు చేసుకోవాలి. గచ్చు మట్టం గడపకు కనీసం ఆరు అంగుళాలు దిగువనే ఉండాలి. అంత ఎత్తు చేయడం కుదరకపోతే ఆ గుంటనే పెద్దది చేసి చిన్న మోటారు పెట్టడం తప్ప వేరు దారి లేదు. కరెంటు తీగలు నీటికి అందనంత ఎత్తులో ఉండాలి.

ఇంకుడు గుంత తవ్వుకోమని సలహా ఇచ్చేవారు చాలామంది ఉంటారు. అది మంచిదే, కానీ అన్నిచోట్లా కాదు. కొండవాలున ఇంటి పునాది పక్కన ఇంకించిన నీరు కింది ఇంటి గోడలో తేలుతుంది. మట్టినీ వదులు చేస్తుంది. కృష్ణకు, కాలువలకు దగ్గరగా ఉన్న పల్లపు వీధుల్లో వానకాలంలో భూగర్భ జలమే పైకి వచ్చి ఉంటుంది, గుంత ఇంకించదు, నిండుతుంది. డెల్టాలోని నల్లరేగడిలోనూ అంతే. అడుగు లోతు గొయ్యి తీసి నీరు పోసి చూడండి. మరునాటికీ నీరు ఉంటే ఆ ఆలోచన మానుకోండి.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు, ప్రకాశం బ్యారేజీ నుండి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగువకు వెళ్ళింది. అటువంటి రోజున ఏ పైపూ, ఏ వాటమూ పనిచేయదు. ఇక్కడ చెప్పినది ప్రతి ఏటి వానకే.

చివరగా, వాన నీటి పైపును మరుగుదొడ్డి పైపులో కలపవద్దు. భారీ వానకు ఆ గొట్టం నిండి మురుగు వెనక్కి తన్నుతుంది. శుభ్రమైన వాన నీరు పరిశుద్ధమే. మురుగు కలిసి రంగు, వాసన, రుచి మారిన నీరు తాకిన చోటు మాత్రం నమాజుకు కడగక తప్పదు. జాలీ కింద నిలిచే నీటిని వారానికి ఒకసారి తోడి పారబోయండి. డెంగ్యూ దోమ గుడ్డు నుండి రెక్కలు తొడగడానికి వారం, పది రోజులు చాలు.