లే-ఆఫ్ నాటి కవితలు ఎక్కడున్నాయి?

బొగ్గుగనుల ఊరు గోదావరిఖనిలో పొద్దును షిఫ్టులతో కొలుస్తారు. పెండ్లికి పోవాలన్నా, చుట్టాన్ని ఇంటికి పిలవాలన్నా ముందు ఇంటాయనది ఏ షిఫ్టో చూసుకోవాల్సిందే.

2020 ఏప్రిల్‌లో ఆ కొలత తప్పింది. కరోనా కట్టడి కోసం సింగరేణి బొగ్గు సంస్థ తన భూగర్భ గనులకు లే-ఆఫ్ ప్రకటించింది. చట్టం లెక్కన లే-ఆఫ్ అంటే మూల వేతనం, కరువు భత్యంలో సగమే చేతికొస్తుంది. ఓపెన్‌కాస్టుల్లో మాత్రం డంపర్లు ఆగలేదు. రామగుండం ఎన్టీపీసీ 2600 మెగావాట్ల కేంద్రం, దానికి బొగ్గు అందుతూ ఉండాలి. దాంతో ఒకే క్వార్టర్ల వరసలో ఒకాయన బాయి బందై గడపలో కూర్చుంటే, పక్కింటాయన మూతికి గుడ్డ కట్టుకొని డ్యూటీకి పోయాడు. ఒకరికి సగం జీతం గుబులు, మరొకరికి జబ్బు ఇంటికి మోసుకొస్తానేమోనన్న భయం.

ఈ రెండు గడపల గోడు ఆనాటి తెలుగు కవిత్వంలోకి ఎంత వచ్చింది?

కవిత్వానికైతే కొదువ లేదు. సభలు ఆగిపోయాయి, పత్రికల పేజీలు తగ్గాయి, ఫోను మిగిలింది. కవి యాకూబ్ 2012లో ఫేస్‌బుక్‌లో మొదలుపెట్టిన కవిసంగమం అప్పటికే ఎనిమిదేళ్లుగా కొత్తవారికి చోటిస్తోంది. 2020 ఏప్రిల్‌లో నాటి ముఖ్యమంత్రి కేసీఆర్ విలేకరుల సమావేశంలో సిద్దిపేట కవి ఐతా చంద్రయ్య కవితను చదివి వినిపించారు. చౌరస్తా బ్యాండ్ కట్టిన కరోనా పాట ఇంటింటి ఫోన్లో మోగింది. అమెరికాలోని తానా ప్రపంచ సాహిత్య వేదిక ఆ ఏడాదే అంతర్జాల సభలు మొదలుపెట్టింది. రామగుండంలో ఉన్నవారూ డాలస్‌లో ఉన్నవారూ ఒకే తెర మీద కవిత్వం వినే వీలు కలిగింది.

అయితే ఆ రాతల్లో ఎక్కువ భాగం 'బయటికి రాకండి, చేతులు కడుక్కోండి' అన్న హితవే. ఆ వేళకు ఆ హితవు కావాలి, దాన్ని తక్కువ చేయనక్కర్లేదు. కానీ ఇంట్లో ఉండగలిగినవారు ఇంట్లో ఉన్నవారికి చెప్పిన మాట అది. ఫోనుకు ఛార్జింగ్ పెట్టిన కరెంటు కోసం అదే పూట క్వారీలోకి దిగిన మనిషి అందులో అరుదుగా కనిపిస్తాడు. లాక్‌డౌన్ సడలుతున్న వేళ, జూన్ 2న, రామగుండం ప్రాంతంలోని ఓపెన్‌కాస్టు గనిలో పేలుడు జరిగి నలుగురు కాంట్రాక్టు కార్మికులు చనిపోయారు. మహమ్మారి మృతుల లెక్కలో వాళ్లు లేరు. కానీ ఆ రోజుల కవిత్వంలో వాళ్లకు చోటు ఉండి తీరాలి.

బొగ్గుబాయికి సాహిత్యం కొత్త కాదు. అల్లం రాజయ్య, పి. చందు లాంటివారు ఈ నేల బతుకును కథలుగా, నవలలుగా రాశారు. 2011 సకల జనుల సమ్మెలో నెలకు పైగా గనులు ఆగినప్పుడు పాట లేని సభ లేదు. ఆ పాట నోటి నుంచి నోటికి పోయింది. లే-ఆఫ్ నాడు గుంపుగా నిలబడే వీలే లేదు కనుక కవిత తెర నుంచి తెరకు పోవాల్సి వచ్చింది. ఇక్కడే పెద్ద నష్టం. పాట నోట్లో నిలుస్తుంది. వాట్సాప్ కవితకు మూడో ఫార్వర్డ్‌లోనే రాసినవారి పేరు రాలిపోతుంది, పదో ఫార్వర్డ్ నాటికి తేదీ కూడా ఉండదు. ఫోను మారితే కవితే పోతుంది.

చైనాలో చెన్ నియెన్‌షీ అనే కార్మికుడు 16 ఏళ్లు గనుల్లో రాళ్లు పేల్చే పని చేశాడు. తను రాసిన కవితలను అంతర్జాలంలో పెట్టేవాడు. అవి ఒక విమర్శకుడి కంటపడ్డాయి గనుక కార్మిక కవుల మీద తీసిన డాక్యుమెంటరీలో ఆయనకు చోటు దక్కింది, కవితలు పుస్తకమయ్యాయి. 2020లోనే ఆయన ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకున్న జబ్బు బయటపడింది. వెతికే కన్ను ఒకటి ఉండబట్టే ఆ గొంతు నిలిచింది. కోల్‌బెల్ట్‌కు కావాల్సింది అలాంటి కన్ను.

ఆనాటి కవితలను వెతికి దాచే పని ఇప్పటికీ చేయవచ్చు. పెద్దపల్లి జిల్లా గ్రంథాలయ సంస్థ, తెలంగాణ సాహిత్య అకాడమీ, సింగరేణి యాజమాన్యం, కార్మిక సంఘాలు కలిస్తే పెద్ద ఖర్చు కూడా కాదు. యైటింక్లైన్ కాలనీలోనో, గోదావరిఖని చౌరస్తాలోనో నెలరోజులు ఒక బల్ల వేసి, పాత ఫోన్లు తెమ్మని అడగాలి. అచ్చుతప్పులు దిద్దకూడదు, యాస మార్చకూడదు. కవితలు మాత్రమే కాదు, పాడి పంపిన వాయిస్ మెసేజ్‌లూ తీసుకోవాలి. కాంట్రాక్టు కార్మికుల ఇండ్లకు, సగం జీతంతో ఇల్లు నెట్టుకొచ్చిన ఆడవాళ్ల దగ్గరికి మనిషి స్వయంగా పోవాలి, వాళ్లు బల్ల దగ్గరికి వస్తారని కూర్చోకూడదు. ప్రతి రాత కింద నాలుగు సంగతులు రాసుకుంటే చాలు: రాసినవారి పేరు, తేదీ, పనిచేసిన గని, ఆ రోజు డ్యూటీ ఉందో లే-ఆఫో.