మా మెట్ల కింద బీరు బకెట్టు

పోయిన నెల ఆవకాయ గురించి రాశాను. ఈ నెల సంగతి చదివి కొందరు ముక్కు మీద వేలేసుకుంటారేమో, అయినా దాచడమెందుకు? మా ఇంట్లో బీరు తయారవుతోంది. చేసేది మావారు.

రెండేళ్ళ క్రితం ఆయన పుట్టినరోజుకి ఆఫీసు స్నేహితులు ఒక కిట్ ఇచ్చారు. పెద్ద ప్లాస్టిక్ బకెట్టు, మాల్ట్ పాకం డబ్బా, ఈస్ట్ పొట్లం. ఒక విడతకి 23 లీటర్లు. "పోలీసులు రారు కదా?" అని భయపడ్డాను. ఇంగ్లండులో సొంతానికి చేసుకుంటే 1963 నుంచి లైసెన్సు అక్కర్లేదట. అనుమతుల్లేకుండా అమ్మడం మాత్రం కుదరదు.

మొదటి విడత వెనిగర్‌లా పులిసిపోయి సింకు పాలైంది. ఏం చేశారని అడిగితే, గిన్నెల సబ్బుతో బకెట్టు కడిగి వంటింటి తువ్వాలుతో తుడిచారట! 18 ఏళ్ళుగా నర్సు పని చేస్తున్నదాన్ని, నవ్వాపుకోలేకపోయాను. కడగడం వేరు, క్రిములు లేకుండా చేయడం వేరు. కడిగాక శానిటైజర్ పట్టించాలి, మళ్ళీ గుడ్డ తగలకూడదు. గీతలు పడ్డ బకెట్టు పారేయాలి, క్రిములు దాక్కునేది ఆ గీతల్లోనే. పైగా దాన్ని బాయిలర్ అల్మరాలో పెట్టారు. చలికాలంలో దోసెపిండి పులవడానికి ఓవెన్ లైటు వేసి కాపలా కాసే మనకి వేడి సంగతి ఒకరు చెప్పాలా? ఈ ఈస్ట్‌కి 18 నుంచి 20 డిగ్రీలు చాలు. బకెట్టు మెట్ల కిందకి మారింది. మాల్ట్ కూడా మనకి వింతేం కాదు. మనం రాగుల్ని మొలకెత్తించి ఎండబెట్టినట్టే వీళ్ళు బార్లీని చేస్తారు.

రెండో విడత కుదిరింది. హైడ్రోమీటరు 1.040 నుంచి 1.010కి దిగితే ఆల్కహాలు దాదాపు 4 శాతం. ఆ అంకె రెండు మూడు రోజులు కదలకుండా నిలిస్తేనే సీసాల్లో పోయాలి, తొందరపడితే సీసాలు పేలతాయి. ఇవన్నీ నాకూ కంఠతా వచ్చేశాయి.

గొడవ తర్వాత మొదలైంది. స్నేహితులు తాగి "నువ్వు బ్రూవరీ పెట్టెయ్ రా" అన్నారు. ఈయన నిజమే అనుకున్నారు. ఉద్యోగం మానేస్తారట, ఇంటి మీద ఇంకో లోను తీస్తారట, నేను సంతకం పెట్టాలట. ఐదు బ్యారెళ్ళ చిన్న బ్రూవరీ అన్నా ఒక విడతకి 800 లీటర్లు దాటుతుంది. అంటే మా బకెట్టుకి 35 రెట్లు. పన్నుల శాఖ అనుమతి, డ్యూటీ, కౌన్సిల్ లైసెన్సు, షెడ్డు అద్దె వేరే. ఆయన లెక్కలో ఆయన కష్టానికి జీతమే వేసుకోలేదు!

ఆ వారమే అమ్మ ఫోన్ చేసింది. మాది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట కబురు విని మా ఊళ్ళో సారా కొట్టు మూయించిన ఆడవాళ్ళలో మా అమ్మ కూడా ఉంది. తిడుతుందనుకున్నా. తిట్టలేదు. "ఇంట్లో తాగేది మీ ఇష్టం మే. అమ్ముకుని బతకాలంటే ఎదుటోళ్ళు రోజూ తాగాల గదా?" అంది.

ఆ రాత్రి డ్యూటీలో నా మూడో బెడ్ పేషెంటు, లివర్ చెడి కళ్ళు పచ్చబడిన మనిషి. మావారి వయసే. ఇంటికొచ్చి నిద్ర పట్టలేదు.

మర్నాడు టీ తాగుతూ చెప్పాను. "మీ కలకి నేను అడ్డం కాదు. కానీ ఏడాది దాకా ఇంటి మీద సంతకం పెట్టను. ముందు ఆరు నెలలు శనివారాలు ఏదైనా బ్రూవరీలో పని చేసి రండి." రెండ్రోజులు అలిగారు. తర్వాత వెళ్ళారు. మొదటి శనివారం తడిసిన బూట్లతో, నడుం పట్టుకుని వచ్చారు. "పొద్దుటినుంచీ ట్యాంకులు కడగడమే" అన్నారు. నేను నోరు మూసుకుని వేడినీళ్ళ బ్యాగ్ ఇచ్చాను.

మూడు నెలలైంది. ఇంకా వెళ్తూనే ఉన్నారు. అది చూస్తే నాకు కొంచెం గౌరవం, కొంచెం భయం. కడగడానికి కూడా ఇష్టపడుతున్నారంటే ఇది ఉత్త మోజు కాదేమో. అమ్మ ప్రశ్నకి మాత్రం మా ఇద్దరి దగ్గరా ఇంకా జవాబు లేదు.

మీలో పచ్చళ్ళో, కేటరింగో, బ్లౌజులు కుట్టడమో సరదాగా మొదలుపెట్టి వ్యాపారం చేసినవాళ్ళు ఉంటే రాయండి. సంతకం పెట్టే ముందు మీరు ఏం చూసుకున్నారు? నాకు నిజంగా కావాలి.