కదంబానికి కొలత ఏది?

వడ్లను పుట్టి లెక్కన అమ్ముతాం. పూలను మూర లెక్కన కొంటాం. మా అల్లూరికి తూర్పున, సముద్రం వైపు రొయ్యల గుంటల దగ్గరికి వెళితే అక్కడ లెక్క మరొకటి. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అది ఆ సరుకు "కౌంటు". ముప్పై కౌంటు రొయ్యకు పలికే ధర నూరు కౌంటు రొయ్యకు పలకదు. అంకె తగ్గినకొద్దీ విలువ హెచ్చడమన్నమాట! ఈ మూడు కొలతలూ ఎరిగినవాడెవడూ రొయ్యలను మూరవేసి కొలవడు, మల్లెపూలను పుట్టికెత్తడు. కాని బహుమానాలిచ్చే పెద్దలు మాత్రం అప్పుడప్పుడు అటువంటి పని చేస్తూవుంటారు.

ఈ మాట ఎందుకు వచ్చిందంటే, మొన్న మా అధ్యాపకుల గదిలో ఒక చర్చ లేచింది. "టెలివిజన్ బహుమతుల జాబితా ఎప్పుడు చూసినా సీరియళ్ళూ, టెలీఫిల్ములేనా? ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే పాటల కార్యక్రమాలకూ, హాస్యపు కార్యక్రమాలకూ చోటుండదేం?" అని ఒక మిత్రుడు అడిగాడు. అర్థశాస్త్రం చెప్పే మరొకాయన, "జనం చూస్తున్నారు గదా, ప్రకటనలు వస్తున్నాయి గదా, అంతకన్న బహుమానమేమిటండీ?" అని కొట్టిపారేశారు. అంతలో గంట కొట్టారు. ఎవరి తరగతికి వాళ్ళం వెళ్ళిపోయాం. ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు.

ఇటువంటి కార్యక్రమాలను ఇంగ్లీషువారు వెరైటీ అన్నారు. మనకు కదంబమనే చక్కని మాట వున్నది. మల్లె, కనకాంబరం, మరువం, దవనం కలిపి కట్టిన దండ కదంబం. పాట, మాట, హాస్యం, ఆట కలిపి కట్టిన కార్యక్రమమూ అటువంటిదే. ఇందులో ఒక చిక్కున్నది. మల్లెపూవు పరిమళాన్ని అందరూ మెచ్చుకుంటారు. కనకాంబరం రంగును మెచ్చుకుంటారు. ఏ పూవు పక్కన ఏది రావాలో, ముడి ఎంత బిగియాలో తెలిసిన వేళ్ళను మెచ్చుకునేవారు అరుదు. కదంబ కార్యక్రమాలకు జరిగే అన్యాయమంతా ఈ ఒక్క మాటలో వున్నదని నా అభిప్రాయం.

అలాగని ఇది మనకు కొత్త సరుకేమీ కాదు. ఆదిభట్ల నారాయణదాసుగారు గజ్జెకట్టి నిలబడి హరికథ చెప్పిన కాలంలో, ఆ ఒక్క మనిషిలోనే గాయకుడూ, నర్తకుడూ, పండితుడూ, పిట్టకథలతో నవ్వించే చమత్కారీ వుండేవారు. అష్టావధానం సంగతి చెప్పనే అక్కరలేదు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది ఇస్తారు, ఒకరు నిషిద్ధాక్షరితో అడుగడుగునా అడ్డుపడతారు, ఒకరు గంట కొడుతూవుంటారు, మధ్యమధ్య అప్రస్తుత ప్రసంగి వచ్చి పనికిమాలిన ప్రశ్నలు వేస్తాడు. మర్నాడు ఆ పద్యాలను కాగితంమీద పెట్టి చదివితే కొన్ని సాధారణంగానే కనబడవచ్చు. అంతమాత్రాన అవధాని గొప్పవాడు కాడని ఏ రసికుడూ అనడు. అక్కడ తూచవలసింది ధారణ, సమయస్ఫూర్తి, సభను చివరిదాకా చేతిలో పెట్టుకోగల నేర్పు. అంటే, కదంబాన్ని ఎలా కొలవాలో మన పూర్వులకు తెలుసు. మరిచిపోయినవారం మనమే.

ఆ సంప్రదాయమే రేడియోలోకి వచ్చింది. రేడియో అన్నయ్య, అక్కయ్యగా పేరుపడిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు పిల్లలచేత పాడించి, ఆడించి, మాట్లాడించిన కార్యక్రమాలు కదంబాలే గదా! 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం వచ్చాక "ఆనందోబ్రహ్మ" ధర్మవరపు సుబ్రహ్మణ్యంగారిని ఇంటింటికీ పరిచయం చేసింది. ఆ తరువాత ప్రైవేటు చానెళ్ళు వచ్చి కదంబాల వరదే పెట్టాయి.

ఇక బహుమానాల సంగతి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1964లో సినిమాలకు నంది బహుమతులు మొదలుపెట్టింది. తరువాత నాటకాలకూ, టెలివిజన్‌కూ అదే నందిని విస్తరించింది. మంచిదే. కాని టెలివిజన్‌కు కుట్టిన చొక్కా సినిమా కొలతలతో కుట్టింది. టెలీఫిల్ము, ధారావాహిక మొదలైన రకాలు, వాటిలో కథ, దర్శకత్వం, నటన వంటి శాఖలు... ఈ చట్రంలో కథ వున్నదానికి దారి సుగమం. కథ లేనిదానికి గుమ్మం దగ్గరే ఇబ్బంది. పాటల కార్యక్రమంలో "కథారచయిత ఎవరు?" అని అడిగితే ఏం చెబుతారు?

"పాడుతా తీయగా" సంగతి తీసుకోండి. మా నెల్లూరువారికి దానిమీద కాస్త అభిమానం ఎక్కువని ముందే ఒప్పుకుంటాను. ఆ పేరు, 1964లో వచ్చిన మూగమనసులు చిత్రానికి ఆత్రేయగారు రాసిన పాటలోని తొలి మాటలు. ఆత్రేయగారు మా జిల్లావారు. దాన్ని 1996 నుంచి ఈటీవీలో నడిపిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారు నెల్లూరి ఇంటిబిడ్డ. ఆయన తండ్రి సాంబమూర్తిగారు హరికథలు చెప్పినవారు. తండ్రి సభను నడిపిన తీరు కొడుకు నడకలో కొంత కనబడేదని నాకనిపిస్తుంది.

బాలుగారికి ఉత్తమ గాయకుడుగా ఆరు జాతీయ పురస్కారాలు వచ్చాయి. శంకరాభరణంతో మొదలుపెట్టి నాలుగు భాషల పాటలకు వచ్చాయి. ఏ సినిమాకు ఏది వచ్చిందో వేలుపెట్టి చూపవచ్చు. కాని ఆ వేదికమీద ఆయన చేసిన మరొక పనికి ఏ వేలు పెడతాం? పాడుతున్న పిల్లవాడు "శ"కు బదులు "స" పలికితే ఆపి, నొప్పించకుండా దిద్దేవారు. పాట అయిపోగానే, అది రాసిన కవి ఎవరు, వరస కట్టినవారెవరు అని చెప్పేవారు. సినిమా పాట అంటే తెరమీద పెదవులు కదిపిన నటుడిదే అనుకునే ఇళ్ళలో, ఆ పాట వెనుక ఒక కవి, ఒక సంగీత దర్శకుడు వున్నారని పిల్లలకు తెలిసింది. ఉష, మల్లికార్జున్, గోపికా పూర్ణిమ వంటి గాయకులను ఆ వేదిక జనానికి పరిచయం చేసింది. 2020 సెప్టెంబరు 25న ఆయన కన్నుమూశాక, కుమారుడు చరణ్ దాన్ని కొనసాగించారు. ఇంత కాలం నడిచిన కార్యక్రమంలో బహుమానానికి ఏ సాయంత్రాన్ని ఏరుతారు? ఒక సాయంత్రాన్ని ఏరితే అది మామూలుగానే వుంటుంది. దాని గొప్పతనం వరుసలో వున్నది.

మా వృత్తిలోనూ ఇంతే. అధ్యాపకుడు అచ్చువేసిన పుస్తకాలెన్ని, చదివిన పత్రాలెన్ని అని లెక్కపెట్టడం తేలిక. ఇరవై యేళ్ళు ఒకే గదిలో నిలబడి, ప్రతి సంవత్సరం కొత్త పిల్లలకు ఆముక్తమాల్యదను భయం లేకుండా చదివించినదానికి లెక్క ఎక్కడున్నది? అది కాగితానికి దొరకదు. దొరకనిది లేదనుకోవడం కొలిచేవాడికి సులువు.

"అయితే వేరే శాఖ పెడితే సరిపోతుంది గదా?" అనవచ్చు మీరు. అది చేసి చూసినవారున్నారు. అమెరికాలో 1949 నుంచి ఇస్తున్న ఎమ్మీ బహుమతుల్లో కదంబాలకు ఏనాటినుంచో స్థానమున్నది. కారల్ బర్నెట్ అనే హాస్యనటి 1967 నుంచి 1978 దాకా నడిపిన కార్యక్రమం ఆ బహుమతిని ఒకటికి మించి మార్లు అందుకున్నది. కాని అక్కడా కొలత కుదరలేదు. రాత్రిపూట ముచ్చట్లు చెప్పేవారినీ, చిన్న ప్రహసనాలు వేసేవారినీ ఒకే గాట కట్టలేక 2015లో శాఖను రెండు చేశారు. అప్పుడేమైంది? జాన్ ఆలివర్ అనే ఆయన వారానికొకసారి, ఎంతో పరిశోధించి రాసుకుని చేసే కార్యక్రమం 2016 నుంచి 2022 దాకా వరుసగా ఏడేళ్ళు బహుమతి పట్టుకుపోయింది. వారానికి నాలుగైదు రాత్రులు వచ్చేవారు పక్కన కూర్చుని చప్పట్లు కొట్టారు. 2023 బహుమతులకు మళ్ళీ హద్దులు మార్చి, ఆయన్ను రెండో గదిలోకి పంపారు. దరఖాస్తులు తక్కువైతే తుది జాబితా కూడా కుదించాలన్నది వారి నియమం. అందుచేత 2024లో ఆ రెండో శాఖ తుది జాబితాలో నిలిచినవి రెండంటే రెండే! ఇద్దరే పరుగెత్తే పందెంలో ఓడినవాడికీ రెండో స్థానం ఖాయం గదా.

కాబట్టి శాఖ పెట్టగానే న్యాయం జరగదు. ఏం చూసి ఇవ్వాలో తేలాలి.

రెండో పక్షమూ చెప్పాలి. మరుగునపడ్డ ప్రతిదీ మాణిక్యం కాదు. ఈటీవీలో 2013లో మొదలైన "జబర్దస్త్"ను జనం విరగబడి చూశారు. ఎందరో పేద కుటుంబాల యువకులకు అది అన్నం పెట్టింది, పేరు తెచ్చింది. ఆడవాళ్ళనూ, మనుషుల ఒడ్డుపొడుగులనూ ఎగతాళి చేసే మాటలమీద విమర్శలూ వచ్చాయి. ఆ విమర్శలు నిరాధారమని నేననలేను. పసిపిల్లలచేత పెద్దల ప్రేమపాటలకు అభినయం చేయించి, ఓడినప్పుడు వాళ్ళ కన్నీళ్ళను దగ్గరగా చూపించే పోటీలూ మనం చూశాం. ఇటువంటివాటిని ఏ న్యాయనిర్ణేత అయినా పక్కన పెడితే చెయ్యెత్తి నమస్కరిస్తాను. "జనం చూశారు" అన్నది బహుమానానికి అర్హత కాదు. అలాగే "జనం చూశారు" అన్నది అనర్హత కూడా కాదు. మనలో కొందరు పండితులకు ఈ రెండో జబ్బు వున్నది. వంటింట్లో పని చేసుకుంటూ అమ్మ కూడా నవ్వగలిగిందంటే, అందులో కళ వుండదని వారి నమ్మకం.

మా అర్థశాస్త్రపు మిత్రుడికి నా జవాబు ఇది. వారం వారం వచ్చే టీఆర్పీ అంకె ఎందరు చూశారో చెబుతుంది. చూసి ఏం పట్టుకుపోయారో చెప్పదు. ఆ రెండోది చెప్పడానికే బహుమానమన్న ఏర్పాటు. అంకెలే చాలునంటే నిర్మాత ముందుగా తగ్గించేది వాద్యబృందాన్ని. తరువాత పాట పూర్వాపరాలు వెతికిపెట్టే మనిషిని. ఆ తరువాత పిల్లవాడి ఉచ్చారణ దిద్దే రెండు నిమిషాలను. ఆ రెండు నిమిషాలు పోతే ఎవరూ గమనించరు. పదేళ్ళయ్యాక మా తరగతి గదుల్లో మాత్రం గమనిస్తాం.

అందుచేత, న్యాయనిర్ణేతలు మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలునని నా మనవి. మొదటిది: ఈ వేదిక ఎక్కిన సామాన్యుడు, ఎక్కినప్పటికన్న ఎక్కువ మర్యాదతో దిగాడా? రెండోది: దీన్ని చూసిన ఇంట్లో మర్నాడు పొద్దున చెప్పుకోవడానికి ఒక మాటో, పాటో, తెలివో మిగిలిందా? మూడోది: పదో ఏట కూడా మొదటి ఏటి శ్రద్ధ వున్నదా? మూడింటికీ అవునన్న కార్యక్రమానికి బహుమానం ఇవ్వకపోతే అది ఉపేక్ష. ఒక్కదానికీ అవుననలేనిదానికి ఇవ్వకపోతే అది వివేకం. ఇచ్చేటప్పుడు ఒక్క భాగానికి గాక, ఏడాది వరుసకు ఇవ్వాలి. ముందు నిలబడి మాట్లాడేవారి పక్కన, వెనుక కూర్చుని కదంబం కట్టినవారి పేర్లూ చదవాలి.

ఇది తీరికగా చెప్పుకునే కబురని అనుకోకండి. 2017 నవంబరులో, 2014 నుంచి 2016 వరకు మూడేళ్ళ సినిమా నందులను ఒక్కసారి ప్రకటించారు. దానిమీద పెద్ద రగడ జరిగింది. ఆ తరువాత ఏళ్ళ తరబడి సినిమా నందుల ఊసు లేదు. తెలంగాణ ప్రభుత్వం గద్దర్ పేరిట కొత్తగా సినిమా పురస్కారాలు నెలకొల్పి 2025 జూన్‌లో అందజేసింది. ఒక పద్ధతి ఆగి, మరొకటి మొదలవుతున్న సమయమిది. పాత చట్రాన్నే దుమ్ము దులిపి నిలబెట్టడమా, కొలతలు సరిచూసుకోవడమా అన్నది ఇప్పుడే తేల్చుకోవాలి. చొక్కా కుట్టాక చేతులు పొట్టి అయ్యాయని అనుకుని లాభంలేదు.

పాఠకులు ఈ వారం ఒక పని చేయండి. భోజనాలయ్యాక, మీ ఇంట్లో అందరూ కలిసి చూసే కదంబమేదో ఒకటి తీసుకుని పై మూడు ప్రశ్నలూ వేసి చూడండి. ఇంట్లో అమ్మమ్మగారిచేత, ఎనిమిదో తరగతి చదివే పాపచేత విడివిడిగా మార్కులు వేయించండి. ఇద్దరూ ఒకే కార్యక్రమానికి మంచి మార్కులు వేశారా, ఏ జాబితాలో దాని పేరు లేకపోయినా సరే, దాన్ని నడిపేవారికి ఒక కార్డుముక్క రాసి పడేయండి. ప్రభుత్వం వారి నంది ఎప్పుడు కదులుతుందో గాని, మీ ఉత్తరం మాత్రం రెండు మూడు రోజుల్లో చేరుతుంది.